‘ది బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ మన కాలేజీ పిల్లలకు చూపించొచ్చా? ఆ కల్నల్ ద్రోహేనా?

నల్లగొండ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మేడమ్ అడిగిన ప్రశ్న ఇది. కాలేజీలో కొత్తగా ఫిల్మ్ క్లబ్బు పెట్టారట. 1957లో వచ్చిన ఈ సినిమా వేద్దామని ఆమె పట్టు. శత్రువుకు వంతెన కట్టిచ్చినోణ్ణి పెద్దమనిషిగా చూపిస్తే పిల్లలేం నేర్చుకుంటారని తోటి లెక్చరర్ల అభ్యంతరం. ఇది నిజంగా జరిగిందా, ఆ కల్నల్ ద్రోహా కాదా, మన పక్క పిల్లలకు దీంతో ఏం పని, ఈ మూడూ అడిగారామె.

ముందు జవాబు చెప్పేస్తాను. తప్పకుండా వేయండి. రైలుమార్గం నిజం, చావులు నిజం, కథ మాత్రం చాలావరకు కల్పితం. కల్నల్‌ది ద్రోహం అనను. పని పిచ్చిలో పడి, ఆ పని ఎవరికోసమో మరిచిపోయిన మనిషి. ఇక మూడో ప్రశ్న. పాలమూరు, నల్లగొండ పిల్లలకు ఈ సినిమాతో ఉన్నంత పని ఇంకెవరికీ లేదంటాను. అదెందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

నేను సినిమా విమర్శకుణ్ణేం కాను. ముప్పై ఏళ్లు వాగుల మీద, కాల్వల మీద వంతెనలు కట్టించి డిప్యూటీ ఇంజనీరుగా రిటైరయ్యాను. మాది వనపర్తి పక్కన పల్లె. సైట్ల మీద సాయంత్రాలు పొద్దుపోక పట్టుకున్న సినిమా పిచ్చి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నలుగురిని పోగేసి నెలకో సినిమా వేసేదాకా వచ్చింది. ఈ ఒక్క సినిమానే ఆరుసార్లు వేశాను.

చూడనివాళ్లకు కథ నాలుగు ముక్కల్లో. 1943. జపాన్ సైన్యానికి చిక్కిన ఒక బ్రిటిష్ దళం సియాం (ఇప్పటి థాయ్‌లాండ్) అడవిలోని క్యాంపుకు ఈల వేసుకుంటూ నడిచి వస్తుంది. గడువులోగా నది మీద రైలు వంతెన లేపాలని క్యాంపు కమాండర్ సైటోకు పైనుంచి హుకుం. ఆఫీసర్లు కూడా పనిలోకి దిగాలంటాడు. జెనీవా ఒప్పందం అలా ఒప్పుకోదని కల్నల్ నికల్సన్ పుస్తకం తీసి చూపిస్తే, సైటో ఆ పుస్తకంతోనే అతని మొహాన కొడతాడు. తర్వాత రేకు గూట్లో వేసి ఎండకు మాడుస్తాడు. కల్నల్ లొంగడు. గడువు ముంచుకొస్తుంటే చివరికి సైటోనే దిగొస్తాడు. అక్కడినుంచి కథ తిరగబడుతుంది. గెలిచిన కల్నల్, తన సైనికులకు క్రమశిక్షణ నిలబెట్టాలని, బ్రిటిష్ పనితనం చూపించాలని, జపాన్‌వాళ్లు కలలో కూడా కట్టలేనంత గట్టి వంతెన తానే కట్టిపెడతాడు. అవతల సొంత పక్షం కమాండోలు దాన్ని పేల్చడానికి బయల్దేరి ఉంటారు.

ద్రోహా కాదా తేల్చుకోవాలంటే కొన్ని చోట్ల ఆగి చూడాలి. జపాన్‌వాళ్లు ఎంచుకున్నచోట నది అడుగంతా బురద, గుంజలు దిగబడిపోతాయి, వంతెనను నది దిగువకు జరపాలని కల్నల్ దగ్గరున్న ఇంజనీరు కెప్టెన్ రీవ్స్ తేలుస్తాడు. ఆ అడవిలో దొరికే కలప గట్టిదని, అలాంటి కలపతో వేసిన పాత లండన్ వంతెన గుంజలు ఆరు వందల ఏళ్లు నిలిచాయని మాటొస్తుంది. అప్పుడు కల్నల్ కళ్లు చూడండి. ఆ వేషం వేసిన ఎలెక్ గిన్నెస్‌కు ఊరికే ఆస్కార్ రాలేదు. ఆ చూపు నాకు తెలుసు. పునాదిలో గట్టి రాయి తగిలిందని కబురు రాగానే మాలాంటివాళ్ల మొహాలు అలాగే వెలుగుతాయి. ఆ క్షణాన వంతెన మీంచి ఎవరు పోతారన్నది ఎవడికీ గుర్తుండదు.

ఆ తర్వాత సైటోతో కూర్చుని జరిపే సమావేశం ఉంటుంది. ఖైదీ అధ్యక్షత వహించినట్టు, కమాండర్ నోటీసందుకున్న గుమాస్తాలా కూర్చున్నట్టు ఉంటుందది. మా రివ్యూ మీటింగులకు వచ్చినవాళ్లెవరైనా అక్కడ నవ్వుతారు.

ఇంకాస్త ముందుకు పోతే కల్నల్ రోగుల గుడిసెలోకి వెళ్తాడు. గడువుకు మనుషులు చాలడం లేదు. తేలిక పని చేయగలవాళ్లున్నారేమో అని మర్యాదగానే అడుగుతాడు. కుంటుకుంటూ లేచి వస్తారు. ఏ ఆఫీసర్లు పని చేయకూడదని తాను రేకు గూట్లో మాడాడో, ఆ ఆఫీసర్లనే తన నోటితో పనికి పంపిస్తాడు. సైటో కొట్టి చేయించలేనిది, ఈయన అడిగి చేయించాడు.

చివరికి వంతెనకు పలక కొట్టించి బిగిస్తాడు, బ్రిటిష్ సైనికులు కట్టారని.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. తొంభైల్లో ఒక వాగు మీద వంతెన కట్టిస్తున్నాను. మే నెల ఆఖరు. మొగులు పడితే వాగొస్తుంది, సెంట్రింగు కొట్టుకుపోతుంది, ఏడాది పని నీళ్లపాలు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అక్కడ అతుకు పడుతుంది. పొద్దున ఆరింటికి మొదలైన పోత రాత్రి రెండు దాటినా సాగుతూనే ఉంది. జనరేటరు బల్బుల కింద తట్టలు చేతులు మారుతున్నాయి. రెండో జట్టు రావాల్సింది రాలేదు. "సార్, జర్ర సేపు కూసుంటం" అని మేస్త్రి రెండుసార్లు వచ్చి అడిగాడు. "ఇంకొక్క నాలుగు మీటర్లే పెద్దయ్యా" అని రెండుసార్లూ నేను చాలా మర్యాదగానే చెప్పాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు, నిలబడే కునుకు తీశాడేమో, అంచు మీంచి కిందికి పడ్డాడు. తుంటి విరిగింది. ఆ తర్వాత ఎప్పుడూ తిన్నగా నడవలేదు. ఆ రాత్రి ఎన్ని క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పడిందో ఎం-బుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, నా చేతిరాతతో ఉంది. అతను పడ్డ సంగతి ఏ బుక్కులోనూ లేదు. నేనైనా రాయొచ్చు, రాయలేదు.

ఆ వంతెన ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఆ దారిన బస్సులో పోయినప్పుడల్లా గర్వంగానే ఉంటుంది, అదే నాకు భయం. అందుకే నికల్సన్‌ను ద్రోహి అని తీసి పక్కన పెట్టడం నాకు చేతకాదు.

ఇక నిజంగా జరిగిందేమిటంటే. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. బర్మాలో ఉన్న తమ సైన్యానికి సరుకు చేరాలంటే ఓడలు మలక్కా జలసంధి చుట్టి పోవాలి, దారిలో శత్రువుల జలాంతర్గాములు. అందుకని సియాంలోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ దాకా 415 కిలోమీటర్ల రైలు దారి వేశారు. మీటర్ గేజ్. మన సికింద్రాబాద్, మహబూబ్‌నగర్, ద్రోణాచలం లైను కూడా ఒకప్పుడు మీటర్ గేజే, ఆ బండి ఊగుడు ఎరిగినవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. కొండలు, అడవి, మలేరియా, వానలు. అయినా ఏడాదిన్నర తిరక్కుండానే, 1943 అక్టోబర్ 17న రెండు కొసలూ కలిశాయి. వానాకాలంలో కలరా చెలరేగుతుంటే కూడా పని వేగం పెంచారు. రాత్రిళ్లు దివిటీలు పెట్టి కొండ తొలిచిన చోటును ఖైదీలు నరకంతో పోల్చారు, ఇవాళ్టికీ దానికి ఆ పేరే ఉంది.

ఈ దారి చివర ఏముందో పిల్లలకు మ్యాపు పెట్టి చూపించండి. బర్మా దాటితే మన ఇంఫాల్, కోహిమా. 1944లో జపాన్ సైన్యం అక్కడిదాకా వచ్చింది. నికల్సన్ వంతెన మీంచి పోయే గుండ్లు ఎటు పోతాయో అప్పుడు అర్థమవుతుంది. ఆ యుద్ధంలో మనవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. ఒక పక్క బ్రిటిష్ ఇండియన్ సైన్యం, ఇంకో పక్క ఆజాద్ హింద్ ఫౌజ్. అంతకుముందు 1941 డిసెంబర్‌లో జపాన్‌వాళ్లు మలయాలో (ఇప్పటి మలేషియా) దిగినప్పుడు కోటా భారు విమానాశ్రయం కాపలాకు పెట్టినవాళ్లలో నిజాం సంస్థానపు పదాతి దళం కూడా ఉంది. కాబట్టి ఇది మనకు మరీ అంత దూరపు కథేం కాదు.

నిజం వంతెన కట్టింది సియాంలోని టామర్కాన్ దగ్గర. ఒకటి కాదు, రెండు. ముందు తాత్కాలికంగా కర్ర వంతెన, దాని పక్కనే కాంక్రీటు స్తంభాల మీద ఉక్కు వంతెన. కమాండోలెవరూ పేల్చలేదు, తర్వాత విమానాలు బాంబులు వేసి కూల్చాయి. ఉక్కు వంతెన బాగుచేసుకుని ఇప్పటికీ వాడుతున్నారు. నది పేరు గమ్మత్తు. నవల రాసిన ఫ్రెంచాయన పియేర్ బూల్ పొరపాటున క్వాయ్ అన్నాడు, వంతెన ఉన్నది మే క్లాంగ్ మీద. సినిమా చూసి వచ్చిన యాత్రికులు క్వాయ్ ఎక్కడ అని ప్రాణం తీస్తుంటే, 1960లో థాయ్ ప్రభుత్వం నది పేరే మార్చేసింది.

అక్కడి ఖైదీల పెద్ద లెఫ్టినెంట్ కల్నల్ ఫిలిప్ టూసీ. నికల్సన్‌కు పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. పైకి సహకరించినట్టుంటూ దెబ్బలు తగ్గించుకున్నాడు, తిండి, శుభ్రత చూసుకున్నాడు. అతని మనుషులు కాంక్రీటు పాళ్లు చెడగొట్టేవాళ్లు, చెదలు పట్టుకొచ్చి కర్రల్లో వదిలేవాళ్లు. (ఇంజనీరుగా ఇది చదివినప్పుడు ఒక్క క్షణం ప్రాణం చివుక్కుమంది, దాచుకోను.) అతని దగ్గర పనిచేసి బతికి బయటపడ్డవాళ్లకు ఈ సినిమా అందుకే గిట్టలేదు.

ప్రతిఘటన అనగానే పిల్లలు తుపాకీలే చూస్తారు. బూన్‌పాంగ్ అనే థాయ్ వర్తకుడి సంగతి చెప్పండి. క్యాంపులకు కూరగాయలు, సరుకులు అమ్మే మిషతో మందులు, డబ్బు దాచి లోపలికి చేరవేశాడు. దొరికితే ప్రాణం పోయేదే. సినిమాలో ఆయన ఊసే లేదు.

ఇంకో తప్పు. జపాన్ ఇంజనీర్లను సినిమా దద్దమ్మల్లా చూపిస్తుంది. ఆ లైను మొత్తం సర్వే చేసి, డిజైను గీసి, పూర్తి చేయించింది వాళ్లే. వాళ్ల క్రూరత్వం నిజం, వాళ్లకు పని రాదనడం అబద్ధం. పనివాణ్ణి ఎత్తడానికి పక్కవాణ్ణి చేతకానివాణ్ణి చేయడం సినిమాలకు మామూలే గానీ, ఇక్కడ నాకు మండుతుంది.

ఇవన్నీ చిన్నవి. పెద్ద లోటు వేరే. ఆ లైను మీద పనిచేసిన యుద్ధఖైదీలు 60,000 పైచిలుకు, అందులో చనిపోయినవాళ్లు 12,000కు పైనే. వాళ్లు కాక, మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన కూలీలు దాదాపు రెండు లక్షలని లెక్క. అందులో చనిపోయినవాళ్లు 90,000 దాకా ఉంటారని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. రెండూ కలిపి 415 కిలోమీటర్లకు పంచి చూశాను, నా అలవాటు అది. నాలుగు మీటర్లకు ఒక మనిషి. మేం సైటు మీద వాడే 30 మీటర్ల టేపు పరిస్తే ఏడుగురు.

సినిమా రెండు గంటల నలభై నిమిషాలు. ఆ కూలీల్లో ఒక్కడి మొహం కూడా కనపడదు.

వాళ్లలో మలయా రబ్బరు తోటల తమిళులు చాలామంది. కంగాణీలు, అంటే తోటలకు కూలీలను పోగేసే మేస్త్రీలు, విశాఖ, శ్రీకాకుళం వైపునుంచి తీసుకుపోయిన మన తెలుగు కుటుంబాలూ ఆ తోటల్లో ఉండేవి. మంచి కూలి ఇస్తాం, కొద్ది నెలల్లో ఇంటికి పంపిస్తాం అని చెప్పి రైలెక్కించారు. మనుషులు చాలకపోతే ఊరికే సినిమా చూపిస్తామని పిలిచి, హాలు నిండాక తలుపులు మూసి, అటునుంచటే స్టేషనుకు తోలుకుపోయారని నాటి కథనాలున్నాయి. ఫిల్మ్ క్లబ్బు నడిపేవాళ్లం మనకు ఇది గుర్తుండాలి. ఖైదీల సమాధులకు వరుసలు, పేర్లు, పచ్చిక ఉన్నాయి. కూలీల్లో ఎక్కువమందికి పేరు రాసిన రాయి లేదు.

సైటో మొదటిరోజే ఖైదీలకు చెప్పేస్తాడు. ఈ క్యాంపుకు కంచె లేదు, అక్కర్లేదు, చుట్టూ అడవి ఉంది, పారిపోతే చస్తారని. ఈ మాట దగ్గర మా పాలమూరు ప్రేక్షకులు కదులుతారు. నేను ప్రతిసారీ గమనించాను.

పాలమూరు లేబర్ అంటే మీకు చెప్పక్కర్లేదు మేడమ్. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాల్వ తవ్వినా మావాళ్ల చేయి ఉంది. మీ జిల్లాలోనే, 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్, యంత్రాల కన్నా మనుషుల చేతుల మీద లేచిన రాతి డ్యామ్. గుంపు మేస్త్రి ఊళ్లో పెళ్లికో, కరువుకో అడ్వాన్సు ఇస్తాడు. ఆలుమగలు జతగా సంతకం పెడతారు, అంటే వేలిముద్ర. లారీ ఎక్కితే భాష తెలియని రాష్ట్రంలో దిగుతారు. నేను చూసిన సైట్ల మీద కంచెలుండేవి కావు. రేషన్ కార్డు మేస్త్రి పెట్టెలో ఉండేది, లెక్క అతని నోట్లో ఉండేది, అంతే. వెట్టిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చాక కూడా నేను చూసిన సంగతులివి.

రెండూ ఒకటే అనను. అక్కడ తుపాకీ ఉంది, కలరా ఉంది, ఇక్కడ దసరాకు ఊరికి రావడం ఉంది. పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తెగుతుందో పిల్లలే వాదించుకోనివ్వండి. మీ క్లాసులో తాతో, మేనమామో వలస పోయొచ్చిన పిల్లలు కచ్చితంగా ఉంటారు. ముందు వాళ్లు మాట్లాడరు, సిగ్గుపడతారు. ఎవరైనా ఒకరు మొదలుపెట్టాలి.

మా దగ్గర మొదలుపెట్టింది ఒక ముసలి మేస్త్రి. మూడోసారి వేసినప్పుడనుకుంటా, బడి వరండాలో తెర కట్టి వేశాను. ఇంగ్లీషు ఆయనకు ఒక్క ముక్క రాదు, పక్కన మనవడు చెబుతుంటే విన్నాడు. వంతెన పేలి, రైలు నదిలో పడ్డాక అందరూ లేచారు. ఆయన లేవలేదు, బీడీ చెవి మీదే ఉంది. "సార్, గంత పని చేసిండ్రు గదా, కూలెంతిచ్చిండ్రు?" అన్నాడు. యుద్ధఖైదీలకు రోజుకు కొన్ని సెంట్లు ఇచ్చారని చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి తోటల నుంచి పట్కపోయినోళ్లకు?" అన్నాడు. సినిమాకు ముందు నేను ఇచ్చిన ఉపన్యాసంలో కూలీల సంగతి రెండు నిమిషాలు కూడా లేదు. అయినా పట్టుకున్నాడు. ఆనాటినుంచి ఆ రెండు నిమిషాలను ఇరవై చేశాను.

ఆయనే ఇంకోటి చెప్పాడు. నాగార్జునసాగర్ పనికి చిన్నప్పుడు తండ్రి వెంట పోయాడట. కల్నల్ బిగించిన పలక చూసి, "మేం గిట్ల రాసుకోలే సార్. మా నాయిన పచ్చి సున్నం మీద ఏలితోని ఒక పువ్వు గీసిండు, గదే" అన్నాడు. గోడ మీద ఎక్కడో ఉంటుందట, నీళ్ల కింద.

వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. నిడివి 161 నిమిషాలు, ఒక్క బిగిన వేస్తే రెండో సగంలో పిల్లలు ఫోన్లు తీస్తారు. సైటో కల్నల్‌ను వదిలిపెట్టి, సైనికులు పరుగెత్తుకొచ్చి అతణ్ణి భుజాల మీదికెత్తుకునే దగ్గర ఆపండి. ఇంటర్వల్లో ఎవరు గెలిచారు అని అడిగి చేతులెత్తించండి. అయిపోయాక అదే ప్రశ్న మళ్లీ అడగండి. ఆ బ్రిటిష్ యాస మన పిల్లలకు అందదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. కమాండోలు అడవిలో నడిచే భాగం కాస్త సాగుతుంది, అయినా కత్తిరించకండి. క్యాంపులో మర్యాద కోసం ఆఫీసరునని అబద్ధమాడిన మామూలు నావికుడు షియర్స్ కథ అందులోనే ఉంది, ఆఫీసర్ల నియమాల మీద నికల్సన్ చేసిన పోరాటానికి అది వెక్కిరింపు.

నవలలో వంతెన కూలదు, నిలబడే ఉంటుంది. సినిమా కోసం శ్రీలంకలో, కిటుల్‌గల దగ్గర కెళని నది మీద నిజంగా కట్టి, నిజం రైలుతో సహా పేల్చారు. ఈ రెండు ముగింపుల్లో ఏది నికల్సన్‌కు పెద్ద శిక్ష అన్నది మంచి చర్చ, ఒక పీరియడ్ మొత్తం నడుస్తుంది. ఇంకో కొసరు. రాసిన ఇద్దరు, కార్ల్ ఫోర్‌మన్, మైకెల్ విల్సన్, ఆ రోజుల్లో కమ్యూనిస్టు ముద్రతో హాలీవుడ్ వెలివేసినవాళ్లు. వాళ్ల పేర్లు తెర మీద వేయలేదు, స్క్రీన్‌ప్లే ఆస్కార్ ఆ ఫ్రెంచాయనకు పోయింది. 1984లో గానీ వీళ్లకు దక్కలేదు, అప్పటికి ఇద్దరూ లేరు. పలక మీద పేరుల గురించి మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది.

మీ తోటి లెక్చరర్లకు మాత్రం సినిమా మొదటి వరుసలో కుర్చీలు వేయండి. ప్రిన్సిపాల్ గారికి ఒక మాట ముందే చెప్పి పెట్టుకోండి. మర్నాడు పొద్దున కారిడార్ అంతా ఆ ఈలే. ఆ బాణీకి సైనికులు కట్టుకున్న మాటలు పచ్చి బూతులు, అందుకే సినిమాలో పాట పాడించకుండా ఈల వేయించారు. ఈ సంగతి మాత్రం పిల్లలకు చెప్పకండి, వెంటనే గూగుల్ చేస్తారు.